వదులు చేసిన రంపం

"ఈ పాత రంపం మిషన్ నాకిచ్చెయ్యప్పా. రేపే కొత్తది దింపుతా," అన్నాడు హిందూపురం డీలరు.

మౌనేశ్ సరేనంటూ మిషన్ చక్రాల మీద పట్టీలా తిరిగే రంపాన్ని పట్టుకున్నాడు. అది వదులుగా ఊగింది.

"నాయన దినమూ పని ముగిసినాకే దీన్ని వదులు చేస్తాండె. ఆయన పడిపోయిన పొద్దు పని మధ్యలోనే పుట్టపర్తి ఆస్పత్రికి తీస్కపోతిమి. మరి ఇదెవురు చేసిరమ్మా?"

"నేనే," అంది తల్లి నీలావతి, నేలమీది రంపపు పొట్టు చూస్తూ. "ఆయన్ని పాడె మీదికి ఎత్తేకి ముందు చేస్తి. రాత్రంతా బిగువుగా ఉంటే తెగిపోతాదంటాండె."

డీలరు కొత్త మిషన్ కోసం జాగా కొలిచేందుకు టేపు తీశాడు.

మౌనేశ్ అతన్ని వద్దని చేత్తో వారించి, పిడి తిప్పి రంపం బిగించి, గోడకు ఆనించిన వేపచెక్క అందుకున్నాడు.

"సాయంత్రం వదులు చేసేది గుర్తుచెయ్యమ్మా."