మూడో పేరు

పాల సీసా తెచ్చి బల్ల మీద టక్కున పెట్టాడు పెద్దాయన.

"ఈ పాలు తాగే మా ఎదురింటి పాప ఆస్పత్రిలో పడింది. నిన్న సాయంత్రం రెండు సీసాలు కొన్నారు. ఇది రెండోది, మూత తియ్యలేదు."

ఆహార భద్రతా కార్యాలయంలో ఆ బల్ల వెనక కూర్చున్న అధికారిణికి పొద్దున్నుంచీ టీ తాగే తీరిక కూడా దొరకలేదు. సీసా తిప్పి బ్యాచ్ నంబరు చూసింది. ఉదయం నమోదైన మొదటి రోగి తాగిందీ ఆ బ్యాచ్ పాలే.

"తెచ్చి మంచి పని చేశారు బాబాయ్ గారూ. పాపది రెండో కేసుగా రాసుకుంటాను. సీసా ల్యాబుకి పంపిస్తాం."

"ల్యాబు ఎప్పటికి తేలుస్తుంది?"

"నాలుగు రోజులు పడుతుంది."

"పన్నెండింటికి ఇవే సీసాలు బడులకి బయల్దేరతాయమ్మా. ముప్ఫై బడులు. అన్నం తిన్నాక పిల్లలకి తలా ఒకటి."

ఆ సంగతి ఆమెకి తెలియక కాదు. అప్పటికి పదకొండుంబావు అయింది.

"ఆపించండి మరి."

"రిపోర్టు రాకుండా సరుకు ఆపాలంటే మూడిళ్ళ నుంచి మూడు కేసులుండాలండీ. నా దగ్గర రెండే ఉన్నాయి."

"అంటే మూడో బిడ్డ పడిపోయేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటారా?"

ఆమెకి ఒళ్ళు మండింది. మూడో కేసు ఉందేమోనని ఆస్పత్రులన్నిటికీ ఫోన్లు చేసీ చేసీ గొంతు పోయింది. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషొచ్చి దెప్పుతున్నాడు.

"రూలు నేను పెట్టలేదు. పోయినేడాది తొందరపడి సరుకు ఆపినందుకు పక్క జిల్లా అధికారిని ఇంటికి పంపారు. నాకూ ఇద్దరు పిల్లలున్నారు."

"ఆ ముప్ఫై బడుల్లో చదువుతున్నారా?"

"లేదు," అని ఆమె తల తిప్పుకుంది.

పెద్దాయన మరి వాదించలేదు. సీసా మూత తీసి గటగటా తాగాడు. ఆమె కుర్చీలోంచి లేచేలోపే సగం అయిపోయింది. మూత బిగించి మిగతాది ముందుకు తోశాడు.

"ఇది మీ ల్యాబుకి. పాప ఇల్లు వేరు, మా ఇల్లు వేరు. మూడో పేరు రాసుకోండి."

"మీకేమైనా మతి పోయిందా? వెంటనే కక్కెయ్యండి."

"కక్కను."

"మీకింకా ఏమీ కాలేదు. కేసని ఎలా రాయమంటారు?"

"అవుతుంది. అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటా. కానీ పన్నెండు నా కోసం ఆగదు తల్లీ."

అని కుర్చీ లాక్కుని, బస్సు కోసం ఆగిన మనిషిలా తీరిగ్గా కూర్చున్నాడు. ఆమె అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఆ వెంటనే పైఅధికారికి చేసి జరిగిందంతా చెప్పింది.

"వాంతి అయిందా ఆయనకి?"

"లేదు సార్."

"మరింకేం, అయ్యాక చూద్దాం. ఎవరో తిక్క మనిషి చేసిన పనికి మన మెడకి ఉరి బిగించుకుంటామా?"

"అయ్యేసరికి పాలు పిల్లల కడుపుల్లో ఉంటాయి సార్. రేపు నన్ను ఇంటికి పంపండి. ఇవాళ మాత్రం ఆపుతున్నాను."

ఫోన్ పెట్టేసి ఆర్డరు మీద సంతకం చేసింది. అందులో రెండు పేర్లే ఉన్నాయి. మూడో గడి ఖాళీగానే వదిలేసింది.

అంబులెన్సు వచ్చి పెద్దాయన్ని ఎక్కించుకోగానే ఆమె ఫ్యాక్టరీకి పరుగెత్తింది. మొదటి వ్యాను గేటు దాటబోతుంటే ఎదురెళ్ళి నిలబడింది. మేనేజరు ఊగిపోయాడు.

"మూడు కేసులు లేకుండా ఎలా ఆపుతారు? కోర్టుకి లాగుతాం మిమ్మల్ని."

"లాగండి. ముందు వ్యాను వెనక్కి తియ్యండి."

ఆరు వేల సీసాల్లో ఒక్కటీ బడికి చేరలేదు.

నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. పాలల్లో విషక్రిములున్నాయి. దాంతో పాటే రూలు మీరినందుకు ఆమెకి మెమో కూడా వచ్చింది. సంజాయిషీ అడిగితే ఒకే ఒక్క వాక్యం రాసిచ్చింది. మళ్ళీ ఇలాంటి రోజొస్తే మళ్ళీ ఇలాగే చేస్తానని.

రెండు కాగితాలూ పెద్దాయనకి చూపించాలని సంబరంగా ఆస్పత్రికి వెళ్ళింది. మంచం ఖాళీగా ఉంది. పక్కన ఆయన భార్య దుప్పటి మడతపెడుతోంది. అసలే పాడైన కిడ్నీలు వాంతులకి తట్టుకోలేక, ఆయన ఆ ఉదయమే పోయాడట.

అధికారిణి గోడకి ఆనుకుని ఏడ్చేసింది.

"ఆయన అడిగినప్పుడే సంతకం పెట్టాల్సింది పిన్నిగారూ. పెట్టి ఉంటే..."

"పెట్టావు కదమ్మా. వ్యాన్లు ఆగాయని తెలిశాకే ఆయన కంటినిండా నిద్రపోయారు. అలా నిద్రపోయి ఎన్నేళ్ళయిందో."

"నేను ఆయన పేరు కూడా అడగలేదండీ. ఏం పని చేసేవారు?"

"నీ పనే," అంది ఆవిడ. "ముప్ఫై ఏళ్ళ కిందట, ఇంకో ఊళ్ళో, రెండు పేర్లు పెట్టుకుని రూలు ప్రకారం సాయంత్రం దాకా ఆగారు. వచ్చిన మూడో పేరు మా అమ్మాయిది."