నంద్యాల బడిలో చోటు

ఆళ్లగడ్డలో బస్సు కదలబోతుండగా పెదనాయన చెన్నకేశవులు ఎక్కాడు. కమలాక్షి పక్కనున్న తల్లి విజయమ్మ చెయ్యి పట్టుకుంది.

“యాడికి పోతాండారు?” అన్నాడాయన.

“నంద్యాలకు బావా. పాప కండ్లు మసకంటాంది. ఆసుపత్రిలో చూపిస్తా,” అంది విజయమ్మ.

“కండ్లు చూపించేదానికి ట్రంకుపెట్టె ఎందుకు?”

“ఉండమంటే ఉండాల గదా.”

ఆయన పెట్టెను ఒకసారి కాలితో తాకి చూసి, వెనక సీట్లో కూర్చున్నాడు.

కమలాక్షికి పదమూడేళ్లు. రెండేళ్ల కిందట తండ్రి పోయినప్పటి నుంచి ఇంట్లో పెదనాయన మాటకు ఎదురులేదు. ఆడవాళ్లకు చదువు చెప్పి, కాన్పుల పని నేర్పే బడి నంద్యాలలో తెరిచారనీ, దేశాలన్నీ కలిసిన సంఘమేదో తిండికీ పుస్తకాలకూ సాయం చేస్తోందనీ ఊరికొచ్చిన గ్రామసేవిక చెప్పింది. ఆ రోజే కమలాక్షి అర్జీ రాసి పంపింది. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో తెలిసే రాసింది. చోటు దొరికిందన్న కార్డు ఇప్పుడు ఆమె లంగా బొడ్లో ఉంది. బస్సు ఎగిరినప్పుడల్లా అది కింద పడుతుందేమోనని పొట్ట మీద చెయ్యి అదిమి పెట్టుకుంది.

శిరివెళ్ల దాటింది. ఆయన చూపు వీపుకు గుచ్చుకుంటున్నట్టే ఉంది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. నిజంగానే చూస్తున్నాడు.

నంద్యాలలో ఆయన ఆసుపత్రి దాకా వచ్చాడు. “ఈడే ఉండండి, చీటీ రాయించుకొస్తా,” అని వరసలో నిలబడ్డాడు. ఆయన అటు తిరగగానే ఇద్దరూ పక్క గుమ్మంలోంచి బయటపడ్డారు. పెట్టె చెరోవైపు పట్టుకుని, అడ్రసు అడుక్కుంటూ, సగం నడక సగం పరుగుగా పోయారు. బడి గేటు చేరేసరికి వెనక కిర్రు చెప్పుల చప్పుడు.

“ఆగండి.”

కమలాక్షి పెట్టె వదిలి అమ్మకు అడ్డంగా నిలబడింది. నడిరోడ్డు మీద అమ్మను కొడతాడేమో అనుకుంది.

పెద్ద పంతులమ్మ కృపావతి గేటు దగ్గరికి వచ్చింది. “ఏందన్నా?”

“కార్డు వచ్చిన సంగతి పోస్టాయన నాకు నిన్ననే చెప్పినాడు,” అన్నాడు చెన్నకేశవులు. “మా ఇంటి ఆడది ఊరూరా పురుళ్లు పోస్తా తిరగాల్నా? మా పరువేం గావాల?”

“మీ ఊర్లో కాన్పులకు ఎవురుండారు?” అని మాత్రం అడిగింది కృపావతి.

కిందటేడు చెన్నకేశవులు భార్య ప్రమీలమ్మ నొప్పులు పడుతూ పడుతూ, ఇదే నంద్యాల దారిలో, ఎద్దులబండిలోనే ప్రాణం వదిలింది. బిడ్డా దక్కలేదు. ఆ బండిలో ఈ తల్లీకూతుళ్లు ఇద్దరూ ఉన్నారు.

“పని తెలిసిన మనిషి ఒక్కరుంటే పెద్దమ్మ బతికేది పెదనాయనా,” అంది కమలాక్షి.

ఆయన పెట్టె ఎత్తి తనే గేటు లోపల పెట్టాడు.

“ఒళ్లు జాగర్తగా చూసుకోమను,” అన్నాడు కృపావతితో, ఎవరి మొహమూ చూడకుండా. “ఇంటికొచ్చే మనిషిని నేను చూసుకుంటాలే.” గబగబా రోడ్డు దాటి, అవతల వీపు తిప్పుకుని నిలబడ్డాడు.

కృపావతి గేటు వేసింది. ఇనుప కమ్మీలకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు మిగిలారు. ఒకరు లేకుండా ఒకరు ఒక్క రాత్రయినా పడుకున్నది లేదు. ఇక రెండేళ్లు. విజయమ్మకు ఏడుపు ఆగలేదు. కమ్మీల సందులోంచి ఒక చెయ్యి ఇంకొక చేతిని పట్టుకుంది.

“బాగా సదువుకోమ్మా,” అంది గేటు బయటున్న కూతురు.