వదులు కాని చొక్కా

“చూశావా? బొత్తాలు పెట్టుకుంటే పొట్ట దగ్గర పట్టేస్తోంది,” అన్నాడు టైలరు, మంచం మీద నిటారుగా కూర్చుని. “జబ్బు మనిషికి చొక్కా వదులవుతుంది గానీ బిగుతవుతుందా?”

“నా కళ్లే తగిలేలా ఉన్నాయి, ఇక చాలించండి,” అంది భార్య, మందు గ్లాసు అందిస్తూ.

కుట్టుపనిలో ఆమె ఓనమాలు దిద్దుకున్నది ఆయన దగ్గరే. ఆ విద్య ఇలా అక్కరకొస్తుందని కలలో కూడా అనుకోలేదు. వానలు పడేదాకా ఉంటే గొప్పేనని డాక్టరు పక్కకు పిలిచి చెప్పిన రోజే ఆమె అద్దాన్ని అటక ఎక్కించింది. అప్పట్నుంచీ ఆయన కునుకు తీసినప్పుడల్లా వంటింట్లో కూర్చుని, చొక్కాల పక్క కుట్టుకి లోపలగా, పిసరంత జరిపి ఇంకో కుట్టు వేసేది. మిషన్ చప్పుడుకి లేస్తాడని చేత్తోనే కుట్టేది. ఒళ్లు కరిగిపోతోందన్న సంగతి ఆయనకి తెలియకూడదు, అంతే.

“ఎండలు పోనీ,” అనేవాడాయన. “ఎండాకాలంలో ఎవడు తిన్నాడు, ఎవడు లావయ్యాడు? వానలొస్తాయి, బడులు తెరుస్తారు, యూనిఫాంల గోల. అది తగ్గేసరికి చలి, కోట్లు. మళ్లీ ఎండలు. కాలం మన మిషన్ చక్రంలాంటిదే. తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. నేనూ వస్తా.”

ఆమె తలూపేది. చక్రం తిరుగుతుంది, సరే. తొక్కే మనిషి ఏడీ? ఏదో పని ఉన్నట్టు పక్క గదిలోకి పోయేది.

అలాంటిది, ఈమధ్య చొక్కా వదులవడం మానేసింది. కుట్టాలేమోనని ఆయన వంక చూస్తే ఒంటికి పట్టినట్టే ఉంది. మర్నాడూ అంతే. పై వారమూ అంతే. డాక్టర్లు మాత్రం దేవుళ్లా ఏమిటి, అనుకుంది. సూదీదారం డబ్బాలో పడేసి మూత పెట్టింది.

ఆ ధైర్యంతోనే, బడి ఆయా వచ్చి గుమ్మంలో నసుగుతుంటే నవ్వేసింది.

“ఈ ఏడు యూనిఫాంలు కుడతారా అమ్మా? లేక వేరేవాళ్లకి ఇచ్చుకోమంటారా?”

“వేరేవాళ్లకెందుకు? గుడ్డ పట్టుకురా. ఆయనే కత్తిరిస్తారు.”

“టేపు ఎక్కడుందో వెతికి పెట్టవే!” లోపల్నుంచి ఆయన కేక.

ఎన్నాళ్లకో ఆమెకి ఆకలేసింది. కడుపునిండా తింది.

సాయంత్రం మబ్బు పట్టింది. టపటపా చినుకులు మొదలయ్యాయి. పెరట్లోకి పరుగెత్తి తీగ మీది బట్టలు లాక్కొచ్చింది.

“ఏమండీ, వానొచ్చింది!”

“చెప్పానా, వస్తుందని!”

ఆమె నవ్వుకుంటూ, మడతపెడదామని ఆయన చొక్కా తిరగేసింది.

ఆమె కుట్టుకి లోపలగా ఆయన చేతికుట్టు ఇంకొకటి ఉంది.