తెల్ల మగపంది

“వీపంతా కొవ్వే. మాంసమేదీ?” కసాయి పందిని వదిలి లేచాడు.

కోడలు దొడ్డి తలుపుకు అడ్డం నిలబడింది. “అన్నా, తీసుకెళ్లు. వీటికి రేపు పెట్టడానికి దాణా లేదు.”

“నా కొడుకు బతికున్నప్పుడు ఎంత ఏపుగా పెరిగేవి!” అంది అత్త. “ఇప్పుడు చేయి మారింది కదా.”

కోడలు ఖాళీ దాణా బకెట్ చేతిలోకి తీసుకుంది.

“ఆమెనంటావేంటి పెద్దమ్మా?” అన్నాడు కసాయి. “అప్పటివి తెల్ల మగపందికి పుట్టిన క్రాస్ పిల్లలు. ఇవి అచ్చం నాటువి. బంగారం పెట్టి మేపినా కండ పట్టవు. ఆ తెల్లదేదీ?”

అత్త కోడలి వైపు తిరిగింది. “నా కొడుకు ఆపరేషన్‌కి అమ్మేశాను. నేనే తోలుకెళ్లాను.”

కసాయి ఏమీ కొనకుండానే వెళ్లిపోయాడు.

అత్త కోడలి చేతిలోని ఖాళీ బకెట్ అందుకుంది. “పదమ్మా, నాలుగిళ్లలో కుడితి అడుగుదాం. ఇద్దరం కలిసి అడిగితే కాదనరు.”