అగ్గిగుట్ట రాయి

"పీనుగ రాలే, బొక్కలు రాలే. వాడు పంపిన ఈ రాయినే గంగల కలుపుదాం," అన్నాడు గుండయ్య. నావ ధర్మసాగర్ చెరువు నడుమ ఆగింది.

లడాయిలో చనిపోయిన కొడుకు కైలాసం పంపిన రాయి అది. దారిలో ఓడ ఒకరోజు ఆగితే, ఏదో దీవిలో అగ్గి కక్కే గుట్ట ఎక్కి ఏరాడట.

గుండయ్య కళ్లు మూసుకుని రాయిని విడిచాడు. అది మునగలేదు. నీళ్ల మీద తేలింది.

"సూడుండ్రి! నా కొడుకు సావలే!" తల్లి సమ్మమ్మ కేక వేసింది. "సరోజనా, పదోనాడు బొట్టు తియ్యకు బిడ్డా. నీ పెనిమిటి వస్తడు!"

ఆ ఇంట్లో కోడలు సరోజనకే చదువొచ్చు. రాయితో వచ్చిన ఉత్తరం అందరికీ చదివింది గాని, సిగ్గుపడి చివరి మాట దాచుకుంది: "ఈ రాయి నీళ్లల్ల తేలుతది. నేనొచ్చినంక మనిద్దరం చెరువుల విడిచి చూద్దాం."

సరోజన నొసటి బొట్టు తడుముకుంది.

"వస్తడత్తా," అంది.