తిరగబడ్డ చేప

గాలానికి కట్టే చెక్కచేప సరిగ్గా ఈదాలంటే దాని పొట్టలో సీసం పెట్టాలి. ఈసారి నేను కసిగా వీపులో కూరాను. పైన వెండిరంగు పొలుసులు దిద్ది, వార్నిష్ పూసి, బావ చేతికిచ్చాను.

నేను చెక్కిన చేపలన్నీ తన పనేనని ఊరంతా డప్పు కొట్టుకునే మనిషి. చేపలు పట్టే పోటీ రోజు చెరువుగట్టున జనం ముందు మీసం మెలేసి గాలం విసిరాడు.

చేప వెల్లకిలా తేలింది. గట్టంతా గొల్లున నవ్వింది.

"ఏంటయ్యా, నీ చేప చచ్చే పుట్టిందా?" అన్నారెవరో.

బావ మొహం కందగడ్డయింది. గిర్రున తిరిగి నావైపు వేలు చూపించాడు.

"నేను కాదయ్యా! ఇవన్నీ చేసేది మా మరదలు! మొదట్నుంచీ అదే చేస్తోంది!"

నవ్వులు ఆగిపోయాయి.

"ఇంకోసారి చెప్పు బావా," అన్నాను. "వెనకవాళ్ళకి వినపడలేదు."