మూడొందల ఫోన్ల టీకొట్టు

కొత్త బస్సు దారికి పటం గీసే అమ్మాయి సాయంత్రంలోగా తప్పు చుక్కలు తీసేయాలి, రంగులు వేయాలి, బస్సుల ఆఫీసుకి పంపాలి. పటంలో ఒక్కో చుక్క ఒక్కో ఫోను; పగలు ఫోను ఎక్కడుంటే మనిషి పని అక్కడేనని లెక్క. మూడొందల చుక్కలు ఒక్క కూడలిలోనే పడ్డాయి; ఆ లెక్కన బస్సు అక్కడే ఆగిపోతుంది. కూడలిలో ఉన్నదల్లా వాళ్ల పిన్ని టీకొట్టే. సంగతేమిటో చూద్దామని అమ్మాయి కొట్టుకి పరుగున వచ్చింది.

"పిన్నీ, నీ కొట్లో మూడొందల మంది పనిచేస్తున్నారట."

"గ్లాసులు కడిగే దిక్కు లేదు, వాళ్లని ఇటు పంపవే." పిన్ని పకపకా నవ్వి అల్మరా తెరిచింది. నిండా ఫోన్లే. "ఫ్యాక్టరీలోకి ఫోన్లు రానివ్వరు. పనివాళ్లు ఇక్కడ టీ తాగి, ఫోన్లు పెట్టేసి, అక్కడికి నాలుగు కిలోమీటర్లు నడుస్తారు."

అమ్మాయికీ నవ్వాగలేదు. బల్లమీదే కూర్చుని బస్సు గీతని ఫ్యాక్టరీ గేటుదాకా లాగింది. అంతలో చెయ్యి ఆగింది. "బస్సు నేరుగా వెళ్లిపోతే నీ టీ ఎవరు తాగుతారు?"

"నువ్వు తాగుతున్నావుగా. గీత చెరపకు."

ఎప్పుడైనా ఆ బస్సెక్కితే, కూడలి దాటేటప్పుడు ఆ పిన్నిని ఒకసారి తలచుకోండి.